తెల్లసారు కుదిర్చిన ఒక్క రాజీ

స్విట్జర్లాండు దేశానికి ఎవరితోనూ తగాదా లేదు. అందుకని ఆ దేశపు దౌత్యవేత్తలకు ఊళ్ళోవాళ్ళ తగాదాలన్నీ సొంత తగాదాలే. ఈ మాట నాది కాదు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆ ఉద్యోగం చేసిన ఒక పెద్దమనిషి మా వీధిలో నులకమంచం మీద కూర్చుని, కారం ఎక్కువైన సర్వపిండి తింటూ, కళ్ళు తుడుచుకుంటూ అన్న మాట. కళ్ళు తుడుచుకున్నది కారానికే.

డెబ్బైల చివర్లో నేను హనుమకొండలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నేను చెప్పేవాణ్ణి, పిల్లలు కూర్చునేవాళ్ళు. మా నాయనకు వరంగల్‌లో నూలు దుకాణం. ఇంగ్లీషు వచ్చినవాడూ, నేతగాళ్ళు తెలిసినవాడూ ఒకే మనిషిలో దొరకడం మా దగ్గర అరుదు కనుక, ఢిల్లీ నుంచి ఎవరో స్విట్జర్లాండాయన జంపఖానా నేయించుకోవడానికి వస్తున్నాడనగానే నన్ను దుబాసీగా పట్టుకున్నారు. జీతం ఎంత అంటే గౌరవం అన్నారు. మళ్ళీ అడగలేదు.

అప్పటిదాకా మా వైపు వచ్చిన తెల్లవాళ్ళు ఖిల్లా చూసి, వేయిస్తంభాల గుడి చూసి, విరేచనాలు పట్టుకుని తిరుగు రైలెక్కేవారు. ఈయన ఆ మొదటి రెండూ చూడలేదు. నేరుగా నేతవీధికి వచ్చాడు. మా దగ్గర దొర అనే మాటకు మంచి జ్ఞాపకాలు లేవు. అందుకని వీధంతా ఆయన్ను తెల్లసారు అంది. అరవైకి దగ్గర పడిన మనిషి, పొడుగు. ఎప్పుడూ ఎవరి నోటి దగ్గరో చెవి పెట్టినట్టు ముందుకు వంగి ఉండేవాడు. స్విస్ వాచీ ఎలా ఉంటుందో చూద్దామని నేను ఆయన చేతివైపు చూశాను. ఢిల్లీలో కొన్న మన దేశపు వాచీ కట్టుకున్నాడు. తన వాచీని ఎవరో కొట్టేశారట. ఆ విషయంలో కూడా ఆయన ఏ పక్షమూ వహించలేదు.

మరుసటేడు రిటైరవుతున్నాడు. సొంత ఊళ్ళో చెరువు లాంటి ఒక పెద్ద సరస్సు, దాని ఒడ్డున తండ్రి వదిలిన ఇల్లు, ఆ ఇంట్లో చల్లగా ఉండే ఒక హాలు. ఆ హాలంతా పరవడానికి ఒకే ముక్క జంపఖానా కావాలి. అతుకు ఉండకూడదు.

"అతుకులు వేయడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా వద్దు" అన్నాడు.

అంత వెడల్పు నేయడానికి మా వీధిలో ఒక్కటే మగ్గం. దాని మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. ఒకరి మోచేయి ఇంకొకరి పక్కటెముకకు తగులుతుంది. కుడిసగం ఒకరు, ఎడమసగం ఒకరు. నడిమిన పోగు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవాలి. దువ్వెన లాంటి ఇనుప పంజాతో ఇద్దరూ పోగును ఒకే బలంతో గుద్దాలి. ఒకడు మెత్తగా గుద్ది ఇంకొకడు గట్టిగా గుద్దితే జంపఖానా తాగినవాడు నడిచినట్టు వంకర పోతుంది. ఆ మగ్గం ఇద్దరు అన్నదమ్ములది. వాళ్ళకు మాటల్లేవు.

మేం వెళ్ళేసరికి ఇద్దరూ మగ్గం మీదనే ఉన్నారు. వాళ్ళ వెనక రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నది వాళ్ళ అక్క. యాభై దాటిన మనిషి, పిల్లల్లేరు. నర్సంపేటలో మొగడు జ్వరమొచ్చి పోతే, అత్తింటివాళ్ళు నాలుగు దినాలు ఉండి రమ్మని పుట్టింటికి పంపించి, మళ్ళీ పిలవడం మరచిపోయారు.

నేను తెల్లసారును పరిచయం చేసి, ఎంత వెడల్పు కావాలో చేతులు చాపి చూపించాను. తమ్ముడు విన్నాడు. అన్నా విన్నాడు. నాది క్లాసులో అలవాటైన గొంతు, వినకుండా ఉండడం కష్టం. అయినా తమ్ముడు వెనక్కి తిరిగి, "అక్కా, గాయినెకు చెప్పు. తెల్లసారుకు గింత వెడల్పు గావాలెనట. నేస్తడా అడుగు" అన్నాడు.

అక్క రాట్నం ఆపలేదు. "పెద్దోడా, తెల్లసారుకు గింత వెడల్పు గావాలెనట. నేస్తవా అని అడుగుతాండు."

జానెడు దూరంలో ఉన్న పెద్దోడు ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు తల ఎత్తాడు. "రంగులేందో అడుగుమను."

"చిన్నోడా, రంగులేందో అడుగుమంటాండు."

"సారూ, రంగులేంది?" అని చిన్నోడు నన్ను అడిగాడు.

నేను తెల్లసారును అడిగాను. ఎరుపూ తెలుపూ తప్ప ఏదైనా సరే, మా జెండా మీద కాళ్ళు పెట్టుకోలేను అన్నాడు ఆయన. నీలం, నలుపు అనుకున్నాం. ఆ జవాబు నా నుంచి చిన్నోడికి, చిన్నోడి నుంచి అక్కకు, అక్క నుంచి పెద్దోడికి చేరేసరికి ఒక కండె నిండింది.

ఇదేం వ్యవహారమని తెల్లసారు అడిగితే చెప్పాను. ఆయన ముఖం చూడవలసిందే. పరాయి ఊళ్ళో, తప్పిపోయిన మేనత్త కనబడ్డట్టు వెలిగిపోయింది.

"కానీ ఒకరి మాట ఒకరికి వినబడుతున్నది కదా?"

"వినబడుతుంది. అక్క చెప్పేదాకా అందదు."

"ఎంత సక్రమమైన ఏర్పాటు!" అన్నాడు. ఒక దేశం ఇంకో దేశాన్ని మెచ్చుకున్నట్టే అన్నాడు.

సక్రమం అంటే సక్రమమే. ఒకసారి అక్క పన్నునొప్పికి దవాఖానకు పోతే ఆ రోజంతా మగ్గం ఆగింది. పోగు తెగిందని ఒకడికి తెలుసు, తెగిందని రెండోవాడికీ తెలుసు. చెప్పే మనిషి లేదు కనుక తెగలేదు. ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెగిన పోగును చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నారు.

ఇంత పంతం దేనికి అంటారా? ఒక కార్జం ముక్కకు. తండ్రి పోయాక చేసిన పెద్దదినం నాడు మేకను కోశారు. తండ్రికి కార్జం ఇష్టం. కనుక ఆ ముక్క తండ్రి తరఫున పెద్దకొడుకు విస్తట్లో పడాలి. పడలేదు. చిన్నోడు తిన్నాడని పెద్దోడికి తెలిసింది. నువ్వే తిని లేదంటున్నావని చిన్నోడికి తెలిసింది. ఎవరి ద్వారా తెలిసిందీ అని ఆ సందట్లో ఎవరూ అడగలేదు. సాయంత్రానికి మాటలు పోయాయి, నెలలోగా ఇంటి నడిమికి గోడ లేచింది. మగ్గం మీద గోడ కట్టడానికి వీలు లేదు కనుక అది మాత్రం ఉమ్మడిగా మిగిలింది. దానితోపాటు అక్క కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో అక్క తిండి ఆ మౌనం మీదే ఉడికేది. పొద్దున పెద్దమరదలు పొయ్యి దగ్గర తినేది. గోడ అవతల ఏం వండారో, ఎవరు ఏమన్నారో పెద్దమరదలికి కావాలి. సాయంత్రం చిన్నమరదలు పొయ్యి దగ్గర. చిన్నమరదలికీ అదే కావాలి. కబురు బాగుంటే పచ్చిపులుసులో ఉల్లిగడ్డలు ఎక్కువ పడేవి. మగ్గం దగ్గర అక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పేది. అక్కడ ఇద్దరూ వింటారు మరి. వంటింట్లో మాత్రం ఆమెకు కొంత స్వేచ్ఛ ఉండేదని వీధిలో అందరికీ అనుమానం. ఎప్పుడన్నా ఇద్దరి కోపం చల్లబడినట్టు కనిపిస్తే, ఆ వారంలోనే ఎవరో ఎవరి పిల్లల్నో ఏదో అన్నారని తెలిసేది. నిప్పు ఆరకుండా చూసుకోవడం వంట చేసే ప్రతి మనిషికీ తెలిసిన పనే.

తెల్లసారు మూడుసార్లు వచ్చాడు. జంపఖానా సగం అయినప్పుడు రెండోసారి వచ్చి, ట్రావెలర్స్ బంగళాలో దిగాడు. సాయంత్రాలు వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. అప్పుడే తన జీవితం చెప్పాడు. చెప్పమని నేను అడగలేదు. ఇతరుల మాటలే మోసిన మనిషికి సొంత మాటలు బాగా నిలవ ఉంటాయి.

తండ్రి కొండల్లో సరిహద్దు స్టేషనులో సుంకం గుమాస్తా. వచ్చే రైళ్ళలో పెట్టెలు తెరిచి చూడడం ఆయన పని. కొడుకు లా చదివి విదేశాంగ శాఖలో చేరాడు. మూసిన పెట్టెలు తెరవకుండా మోయడం ఈయన పని. పెద్ద యుద్ధం అయిపోయిన కొత్తల్లో ఖైదీల ఉత్తరాలు చేరవేశాడు. తర్వాత ఏవేవో వేడి దేశాలు. ఎక్కడికి వేస్తే అక్కడ ఎవరో ఎవరితోనో మాటలు మానేసేవారు, ఈయనకు చేతినిండా పని దొరికేది. పెళ్ళయింది, కొన్నాళ్ళకు భార్యాభర్తలకూ మాటలు పోయాయి. అది కూడా ఒక లాయరు ద్వారా నడిచింది. "చాలా మంచి మనిషి. ఫీజు కాస్త ఎక్కువ" అన్నాడు, ఆ లాయరు గురించే.

డెబ్బై ఒకటి యుద్ధంతో మనమూ పాకిస్తానూ ఎంబసీలు మూసుకున్నప్పుడు, ఒకరి మాట ఒకరికి చేరవేసే పని వాళ్ళ దేశం మీద పడింది. అందులో మూడో మెట్టు మీదో నాలుగో మెట్టు మీదో ఈయన.

"దౌత్యమంటే యుద్ధాలు ఆపడమని జనం అనుకుంటారు. నేను ఖాళీ ఎంబసీలో నల్లాలు కారుతున్నాయా చూసేవాణ్ణి. తోటమాలికి జీతం ఇచ్చేవాణ్ణి. ఒక దేశపు గులాబీలకు ఇంకో దేశపు నీళ్ళు పోయించాను." కాలి మీది దోమను కొట్టి, "మంచి రోజులు" అన్నాడు.

"తర్వాత?"

"తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఆ సంగతి నాకు పేపర్లో తెలిసింది."

ఒక వెండి పళ్ళెం ఇచ్చారట. పూల ప్రదర్శనలకు రిబ్బను కత్తిరించే పనిలో పెట్టారట. రాయబారి కాలేదు. రాయబారి పక్క కుర్చీలోనే తల నెరిసింది.

"ఇన్నేళ్ళలో ఇద్దరు శత్రువులు నా ఎదుట మాట్లాడుకోవడం ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్ళు మాట్లాడుకునే సమయానికి నన్ను గది బయట కూర్చోబెట్టేవారు. రిటైరయ్యేలోగా ఒక్కసారి చూడాలని ఉంది."

ఎక్కడ చూడాలనుకుంటున్నాడో నాకు అర్థమైంది. సిగరెట్టు వెలిగించుకుని చీకట్లోకి చూశాను. మనది దుబాసీ పని.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్ద జంపఖానా పూర్తయ్యాక మగ్గం మీంచి ఊరికే కోసి తీయరు. దాని మీద కూర్చున్న ఇద్దరిలో పెద్దవాడు "దించుదామా?" అనాలి. రెండోవాడు "దించుదాం" అనాలి. అప్పుడే కత్తెర. తాతల నాటి పద్ధతి. మాటలు పోయినప్పటి నుంచి ఆ రెండు ముక్కలూ అక్కే అనేది. పెద్దోడి వైపు నిలబడి "దించుదామా" అని, చిన్నోడి వైపు జరిగి "దించుదాం" అనేది. ఈ సంగతి తెల్లసారుకు నేను మాటల మధ్య చెప్పాను, ఊరి విశేషంగా.

మర్నాడు ఆయన మగ్గం దగ్గరికి వచ్చి షరతు పెట్టాడు. ఆ మాట ఇద్దరూ ఒకరితో ఒకరు సొంత నోటితో అంటేనే జంపఖానా తీసుకుంటాను. లేకపోతే లేదు. జీవితమంతా ఎవరికీ ఏ షరతూ పెట్టని మనిషి మొదటి షరతును మా వీధిలో పెట్టాడు. నీలం, నలుపు పట్టీలతో హాలంత జంపఖానా. మా దగ్గర దాన్ని ఇంకెవరు కొంటారు? పెళ్ళిపందిట్లో వేద్దామన్నా పందిరి చాలదు.

నేను తెలుగులో చెప్పాను. అన్నదమ్ములిద్దరూ ఎదుటి గోడను చూశారు. రాట్నం ఆగింది.

ఆ సాయంత్రం నూలు కోసమని అక్క మా దుకాణానికి వచ్చింది. నూలు తీసుకుంది, పోలేదు.

"సారూ, గా తెల్లాయినెకు జర చెప్పరాదుండ్రి. గసోంటి షరతు పెట్టద్దని."

"ఎందుకక్కా? తమ్ముళ్ళు కలుస్తారు కదా. మంచిదే కదా."

"మంచిదే. ఎవరు గాదన్నరు? వాళ్ళు మాట్లాడుకుంటె నాకు బువ్వ ఎవరు పెడ్తరు?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. ధర అడిగినట్టు అడిగింది.

తెల్లసారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనకు ముచ్చటేసింది. ఆమెకు ఇక శ్రమ తప్పుతుందని, హాయిగా కూర్చోవచ్చని చెప్పమన్నాడు. మర్నాడు చెప్పాను. "అక్కా, నీకు పని తప్పుతదట."

"పని తప్పితే పళ్ళెం గూడ తప్పుతది" అంది.

అది కూడా చేరవేశాను. మీ సంగతి మీరే చెప్పారు కదా, ఆ రెండు దేశాలూ కలిసిన తర్వాత మీకేమైందో అని ఒక మాట నా సొంతంగా కూడా కలిపాను. దుబాసీ ధర్మానికి అది విరుద్ధం. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది వేరు. నాకు పెన్షన్ ఉంది" అన్నాడు. ఆ తర్వాత, "దేశాల కంటే కుటుంబాలు మంచివి" అన్నాడు. పిల్లలు లేనివారికి, భార్యతో లాయరు ద్వారా మాట్లాడినవారికి కుటుంబాల మీద గౌరవం ఎక్కువ.

దించే రోజు రానే వచ్చింది. తెల్లసారు సూటు వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. ఆ ఎండలో టై కట్టుకున్న మనిషిని చూడడానికే సగం వీధి వచ్చింది. చౌరస్తా నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించారు. అన్నదమ్ములు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కాలతో మగ్గానికి ఇటొకరు అటొకరు నిలబడ్డారు. అక్క అలవాటు కొద్దీ పెద్దోడి పక్కకు వచ్చి నోరు తెరిచింది. తెల్లసారు చాలా మర్యాదగా ఆమె మోచేయి పట్టుకుని పక్కకు జరిపాడు. ఫోటోకు అడ్డం అవుతుందని ఫోటోగ్రాఫరు ఇంకాస్త జరిపాడు.

ఎవరిదో పిల్ల ఏడ్చింది. పెద్దోడు గొంతు సవరించుకుని, కత్తెరను చూస్తూ, "దించుదామారా?" అన్నాడు.

చిన్నోడు అలవాటు చొప్పున వెనక్కి తిరిగి అక్క కోసం చూశాడు. అక్కడ ఫోటోగ్రాఫరు ఉన్నాడు.

"దించుదామే అన్నా" అన్నాడు.

వీధి చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళు ముక్కులు చీదారు. తెల్లసారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు సర్వపిండి ఇంకా పెట్టలేదు.

మధ్యాహ్నం భోజనం పెద్దోడింట్లో. గోడ కట్టిన తర్వాత చిన్నోడు ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. మేకను కోశారు. అక్క వడ్డిస్తోంది. తెల్లసారు మడతపెట్టి పరిచిన కొత్త జంపఖానా మీదే బాసిపట్లు వేసుకుని, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బాధపడుతూ ఆనందంగా ఉన్నాడు. పెద్దోడు తన విస్తట్లోంచి కార్జం ముక్క తీసి తమ్ముడి విస్తట్లో వేశాడు.

"తినురా. నాయిన పెద్దదినం నాడు గూడ నువ్వే తింటివి, గిప్పుడు గూడ నువ్వే తిను." ప్రేమగానే అన్నాడు. ఎప్పటినుంచో దాచుకున్న మాట, ఎలా అన్నా కొంచెం తుప్పు ఉంటుంది.

చిన్నోడు ముద్ద ఆపాడు. "నేను తినుడేందే? నువ్వే తిని నా మీద పెట్టినవట గద."

"ఎవలన్నరు?"

"అక్క చెప్పింది."

"నాకు నువ్వు తిన్నవని చెప్పింది గదరా."

ఇద్దరూ తల ఎత్తారు. అక్క పులుసు గిన్నెతో నిలబడి ఉంది.

"నేనే తిన్న" అంది. "పొద్దుగాల నుంచి పొయ్యి ముందట్నే ఉన్న. ఎవ్వలు నీళ్ళు గూడ ఇయ్యలే. ఒక్క ముక్క తీసి నోట్లేసుకున్న. నాలుక గూడ కాలింది."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"మీరు కొట్టుకుంటానే ఉంటిరి. ఎవలకు చెప్పాలె? తర్వాత చెప్పే అక్కెర రాలే."

తెల్లసారు నావైపు వంగాడు. "ఏమంటున్నారు?"

"పాత అపోహలు తొలగించుకుంటున్నారు" అన్నాను. అబద్ధం కాదు.

అన్నదమ్ములు తీరుబడిగా మొదలుపెట్టారు. నా బిడ్డను నల్లపిల్లి అన్నవట గదా. నేననలే. మరి నా పెండ్లాం ఉప్పు దొంగిలిస్తదని నువ్వన్నవట? నేనన్ననా! తీర్థం పోయిన్నాడు నా ఇంటి ముందట చెప్పు విసిరినవట. కుక్క మీద విసిరిన, కుక్క మీద! మరదళ్ళిద్దరూ గుమ్మాల దగ్గరికి వచ్చి, తమ తమ వాటాలు తాము కలిపారు. ఒక్కొక్క తిట్టూ బయటికి తీసి, దులిపి, ఎవరిదో చూసి, చివరికి ఒకే మనిషి ముందు కుప్ప పోశారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. ఇన్నేళ్ళ కోపం ఇద్దరి మధ్యా ఎటూ పోలేక తిరుగుతుండేది, ఇప్పుడు పోవడానికి ఒక చోటు దొరికింది. దొరికిన కొద్దీ వాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. పెద్దోడు తమ్ముడి వీపు నిమిరాడు.

"చూడండి" అన్నాడు తెల్లసారు నాతో.

అక్క పులుసు వడ్డించడం పూర్తి చేసింది. ఆయన విస్తట్లో కూడా వేసింది. ఆయన మెచ్చుకున్నట్టు తల ఊపాడు.

కాజీపేట స్టేషనులో ఆయన్ను రైలెక్కించడానికి వెళ్ళాను. జంపఖానాను గోనె చుట్టి బ్రేకు వ్యానులో వేశారు. "నా ఉద్యోగం మొత్తంలో కుదిరిన రాజీ ఇదొక్కటే. కళ్ళతో చూశాను" అని నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. సంతోషంగా ఉన్న మనిషికి ఏం చెబుతాం? రైలు కూడా కదిలింది.

తర్వాతెప్పుడో సరస్సు బొమ్మ ఉన్న కార్డు వచ్చింది. జంపఖానా హాలుకు సరిగ్గా సరిపోయిందట, దాని మీద నడిచినప్పుడల్లా మా వీధి గుర్తుకొస్తుందట, అక్కగారు విశ్రాంతి తీసుకుంటున్నారా అని అడిగాడు. తీసుకుంటున్నారు, పూర్తిగా అని జవాబు రాశాను.

ఆ విశ్రాంతి ఎలా మొదలైందో చెబుతాను. ఇంతకుముందు అక్క పెద్దింట్లో తిన్నదా లేదా అన్నది చిన్నింటికి తెలిసే దారి లేదు, అక్క చెబితే తప్ప. ఇప్పుడు గోడ మీంచి ఒక్క కేక చాలు.

"అక్క మీకాడ తిన్నదానె?"

"మీకాడ తింటదనుకుంటిమి గద."

"గట్లనా? అయితె తిన్నదేమో."

ఈ ముగ్గురు నలుగురి మాటల మధ్య పూట గడిచిపోయేది. ఐకమత్యమే బలమని నేను క్లాసులో వ్యాసం రాయించేవాణ్ణి. ఆ బలాన్ని దగ్గరి నుంచి చూసింది మాత్రం అక్కడే. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దోడు కానీ చిన్నోడు కానీ కొట్టలేదు, తిట్టలేదు. మగ్గం దగ్గర ఆమె అలవాటుగా వెనక కూర్చుని ఏదో అనబోతే, "మేం మాట్లాడుకుంటానం గద అక్కా" అనేవారు, నవ్వుతూ. కండెలు చుట్టడానికి పెద్దోడి బిడ్డను కూర్చోబెట్టారు. అక్క మా దుకాణం అరుగు మీదికి వచ్చి కూర్చునేది. మా అమ్మ ఏదన్నా పెడితే, "ఇప్పుడే తిన్న" అని, తర్వాత తినేది.

పని కూడా బాగా సాగిందని కాదు. ముచ్చట్లలో పడి నేత నెమ్మదించింది. మాటల్లేని రోజుల్లో ఆ మగ్గం మీద దిగిన జంపఖానా గీత గీసినట్టుండేది. కలిసిన తర్వాత అంచులు కొంచెం అలలు తిరిగాయి. ఎనభైల్లో పవర్లూములు వచ్చి ఆ మగ్గాన్ని ఎలాగూ మూలకు నెట్టాయనుకోండి. కలిసి ఉన్నందుకు ఇద్దరూ కలిసే నష్టపోయారు.

అక్క సంగతి అంతకు చాలా ముందే తేలిపోయింది. అన్నదమ్ములు కూర్చుని, చాయ్ తాగుతూ, మొదటి నుంచి చివరి దాకా సొంత నోటితో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. ఆడదానికి అత్తిల్లే మర్యాద. నర్సంపేట మరిదికి కబురు పెట్టారు. అతను వద్దనలేదు, రమ్మనీ అనలేదు. దాన్ని వీళ్ళు రమ్మన్నట్టే తీసుకున్నారు.

నేను ఏదో పని మీద బస్టాండుకు పోయిన రోజే ఆమెను తీసుకొచ్చారు. ఆమె ట్రంకుపెట్టెకు ఒక వైపు పెద్దోడు, ఒక వైపు చిన్నోడు. ఎంత పొందికగా మోస్తున్నారో! ఒకరి అడుగు ఒకరికి తెలుసు. బస్సు టాపు మీదికి ఎక్కిద్దామా, సీటు కింద పెడదామా అని మాట్లాడుకుంటున్నారు. సీటు కింద పెట్టి, టికెట్టు కొనిచ్చి, "పోయినంక కబురు పంపియ్యి అక్కా" అన్నారు. ఎవరితో పంపాలో చెప్పలేదు. తర్వాత ఇద్దరూ సిగరెట్టు కోసం పాన్‌డబ్బా వైపు పోయారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"అక్కా, మంచిగనే ఉంటది ఆడ" అన్నాను. ఇలాంటప్పుడు చదువుకున్నవాళ్ళకూ చదువుకోనివాళ్ళకూ వచ్చే మాట ఒకటే.

"ఉంటది సారూ. మరిది, తోడికోడలు, పిల్లలు, అందరు కలిసే ఉంటరట. అందరు మంచిగ మాట్లాడుకుంటరట."

ఆ ఊళ్ళో బావి లేదట అన్నట్టు అంది.

కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు విజిలేశాడు. బస్సు దడదడలాడింది. ఆమె బయటికి వంగి, నలుగురికీ వినబడకూడని ఇంటి గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"మొన్ననే ఆ ఇంట్లకు ఇద్దరు కోడండ్లు వచ్చిన్రట సారూ. చూస్త."